పరీక్షల పుస్తకాల మధ్య ఒక బొమ్మల నవల

చిత్తూరులోనో, పలమనేరులోనో డిగ్రీ పూర్తిచేసి, తిరుపతిలో నలుగురు స్నేహితులతో కలిసి గది తీసుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న వాళ్లలో మీరూ ఒకరు కావచ్చు. టేబుల్ మీద కరెంట్ అఫైర్స్, ఆప్టిట్యూడ్, పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. ఆ దొంతర మధ్యలో ఒక బొమ్మల నవల ఉందనుకోండి. ఊరి నుంచి చూడ్డానికొచ్చిన అమ్మ ఏమంటుంది? ‘ఏంరా అబ్బోడా, ఇంకా చిన్నపిల్లోళ్ల పుస్తకాలేనా?’ అంటుంది. మీరు దాన్ని మెల్లగా దిండు కిందికి తోసేస్తారు.

అలా దాచుకోవాల్సిన పని లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. గ్రాఫిక్ నవల అంటే పిల్లల కామిక్ కాదు. బొమ్మలు, మాటలు కలిసి నడిపే పెద్ద కథ. హిట్లర్ కాలంలో యూదులు పడ్డ నరకాన్ని ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. మన దేశంలో నర్మదా లోయ ఆందోళన మీద ఒరిజిత్ సేన్ 1994లోనే ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ గీశారు. అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ ‘భీమాయన’గా 2011లో మన ముందుంచారు. ఇవేవీ చిన్నపిల్లల పుస్తకాలు కావు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? సైన్స్ ఫిక్షన్‌తో మొదలుపెట్టమని మా సలహా. అందులోనూ ఒక సిరీస్ పేరు చెబుతాం: జపాన్‌కు చెందిన హయావో మియజాకి రాసి, గీసిన ‘నౌసికా ఆఫ్ ది వ్యాలీ ఆఫ్ ది విండ్’. మొత్తం ఏడు సంపుటాలు. ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. జపాన్ పద్ధతిలో పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదటి పది పేజీలు తికమకగా ఉంటుంది, ఆ తర్వాత కళ్లు అలవాటు పడిపోతాయి.

కథ ఇదీ: మహా యుద్ధంలో నాగరికత కూలిపోయి వెయ్యేళ్లయింది. భూమిని విషం చిమ్మే అడవి కమ్మేస్తోంది. అందులో కొండలంత పురుగులు తిరుగుతుంటాయి. మనుషులు ముఖానికి ముసుగు లేకుండా అక్కడ ఊపిరి పీల్చలేరు. మనుషులు ఆ అడవిని చూసి భయపడతారు. గాలిలోయ అనే చిన్న రాజ్యపు యువరాణి నౌసికా మాత్రం వేరే పని చేస్తుంది. ఆ విషపు మొక్కల విత్తనాలు తెచ్చి, శుభ్రమైన నీళ్లు, మంచి మట్టి ఇచ్చి రహస్యంగా పెంచి చూస్తుంది. అవి విషం కక్కవు. అంటే తప్పు మొక్కది కాదు, మనుషులు పాడుచేసిన మట్టిది!

బీఎస్సీ చదివిన మీకు ఈ పద్ధతి తెలుసు. అందరూ నమ్మినదాన్ని అనుమానించడం, ఒక్క అంశాన్ని మార్చి ప్రయోగం చేయడం, వచ్చిన ఫలితాన్ని ఒప్పుకోవడం. ల్యాబ్ రికార్డులో కాపీ కొట్టి మర్చిపోయిన ఆ పాఠం ఇక్కడ కథలో ఎదురై గుండెకు తగులుతుంది. మంచి సైన్స్ ఫిక్షన్ చేసే పని ఇదే.

ఉద్యోగం వెతుక్కునే వాళ్లు ఈ పుస్తకం పుట్టిన కథ కూడా తెలుసుకోవాలి. మియజాకి 1963లో తోయీ యానిమేషన్ స్టూడియోలో చిన్న ఉద్యోగిగా చేరారు. 1979లో మొదటి సినిమా తీశారు. ఆ తర్వాత సొంత ఆలోచనలు పట్టుకుని వెళ్తే, ముందే పేరున్న పుస్తకం ఆధారంగా లేని సినిమాకు డబ్బు పెట్టలేమన్నారు. అయితే ఆ పుస్తకమేదో నేనే గీస్తానని ఆయన కూర్చున్నారు. 1982లో ‘యానిమేజ్’ పత్రికలో నౌసికా ధారావాహికగా మొదలైంది. అప్పటికి ఆయన వయసు 41. పాఠకులు పెరిగారు, 1984లో సినిమా వచ్చింది, మరుసటి ఏడాది జిబ్లీ స్టూడియో పుట్టింది. సినిమా వచ్చేసింది కదా అని ఆయన పుస్తకాన్ని వదిలేయలేదు. మధ్య మధ్య ఆపుతూ, మళ్లీ మొదలుపెడుతూ 1994లో ముగించారు. ఒక్క కథకు పన్నెండేళ్లు! రెండో ప్రయత్నంలో గ్రూప్స్ రాలేదని ‘నా పని అయిపోయింది’ అనుకుంటున్న వాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

‘ఇదంతా జపాన్ సంగతి, మనకేం సంబంధం?’ అంటారా? శ్రీకాళహస్తి దాకా వెళ్లి రండి. తిరుపతి నుంచి గంట ప్రయాణం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, వెదురు పుల్ల కలంతో, ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన నల్లరంగుతో గీసిన పెద్ద కలంకారీ తెరను నిలబడి చూడండి. రామాయణం వరుసగా గడులు గడులుగా నడుస్తుంది. చాలా తెరల్లో బొమ్మల పక్కనే తెలుగు అక్షరాల పట్టీ కూడా ఉంటుంది. గడి, బొమ్మ, మాట మూడూ ఉన్నాయి కదా! గ్రాఫిక్ నవల అన్న పేరు పుట్టకముందే మన జిల్లాలో ఆ పని జరుగుతోంది. ఆ కళలో జీవితమంతా గడిపిన జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

తర్వాతి మెట్టు చందమామ. కడప జిల్లాలో పుట్టిన బి.నాగిరెడ్డి, తెనాలి చక్రపాణి కలిసి 1947 జులైలో మొదలుపెట్టిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకు ‘చిత్ర’ గీసిన బొమ్మల కోసం మన తాతల తరం నెలనెలా ఎదురుచూసింది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి, ఇప్పటికీ ఆ రాక్షసుల పేర్లు చెబుతారు. బొమ్మల కథను ‘పనికిరానిది’ అంటున్న ఇంట్లోనే దాని అభిమాని ఉంటారు!

సరే, చదివితే ఏం వస్తుంది? నిజాయితీగా చెప్పుకుందాం. నౌసికా చదివినందుకు ఏ పరీక్షలోనూ మార్కు పడదు. కానీ మూడు లాభాలు మాత్రం ఉన్నాయి.

మొదటిది ఇంగ్లిష్. ఎడిటోరియల్ పేజీ తెరిస్తే రెండో వాక్యంలోనే ఆగిపోయే వాళ్లకు బొమ్మ చేయి అందిస్తుంది. ఎవరు, ఎక్కడ, ఏ భావంతో మాట్లాడుతున్నారో కళ్లముందే కనిపిస్తుంది కాబట్టి, తెలియని మాటకు అర్థం సందర్భం నుంచే పట్టుకోవచ్చు. పైగా అవి మనుషులు మాట్లాడుకునే పొట్టి వాక్యాలు. ఇంటర్వ్యూలో మీకు కావాల్సింది అవే.

రెండోది ఏకాగ్రత. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో రాసిన ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో ఒక మంచి సంగతి చెబుతారు: కామిక్‌లో అసలు కథ రెండు గడుల మధ్య ఖాళీలో జరుగుతుంది. మొదటి గడిలో ఎత్తిన గొడ్డలి, రెండో గడిలో కేక. మధ్యలో జరిగింది పాఠకుడే ఊహించుకోవాలి. రీల్స్ చూసేటప్పుడు ఆ పని మనం చేయం, అంతా ఫోనే చేసిపెడుతుంది. ఇక్కడ మీ బుర్ర పనిచేయకపోతే కథ కదలదు.

మూడోది వృత్తి. ఇది అందరికీ కాదు. కానీ నోట్సు అంచుల్లో బొమ్మలు గీసే అలవాటున్న వాళ్లు మీలో కొందరు ఉంటారు. వాళ్లకు స్టోరీబోర్డు గీయడం, యానిమేషన్, గేముల డిజైన్, పాఠాలను బొమ్మలుగా మార్చడం లాంటి పనులున్నాయని తెలియాలి. ‘ఛోటా భీమ్’ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ సంస్థ మన హైదరాబాద్‌దే. ఇంటర్ తర్వాత డిజైన్ చదవాలంటే యూసీడ్, డిగ్రీ తర్వాత అయితే సీడ్ అనే ప్రవేశ పరీక్షలను ఐఐటీ బాంబే నిర్వహిస్తోంది. ఎన్‌ఐడీలకు వేరే పరీక్ష ఉంది. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో యానిమేషన్ కోర్సుంది. అయితే ఒక హెచ్చరిక: ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు చూసి లక్షలు కట్టే ముందు, అక్కడ చదివిన వాళ్లతో మాట్లాడండి, వాళ్లు చేసిన పని చూడండి. ఈ రంగంలో సర్టిఫికెట్ కన్నా మీరు గీసిన పేజీలే ముందు మాట్లాడతాయి.

‘టైమ్ ఎక్కడుంది సార్?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి పడుకునే ముందు ఫోనుకు ఇచ్చే గంటలో సగం దీనికివ్వండి. పరీక్ష నెల రోజుల్లో ఉంటే పుస్తకం మూసేయండి, అదెక్కడికీ పోదు. ఏడు సంపుటాలు ఒకేసారి కొనక్కర్లేదు. గదిలో నలుగురున్నారుగా, తలా కొంత వేసుకుని మొదటిది కొనండి. నచ్చితేనే రెండోది. నచ్చకపోతే వేరే సిరీస్ పట్టుకోండి, బలవంతం లేదు. మొదటిసారి నిఘంటువు జోలికి పోకుండా చదవండి. రెండోసారి ఒక్కో పేజీ దగ్గర ఆగి, ‘ఈ గడి ఎందుకింత పెద్దది? ఇక్కడ మాటలెందుకు లేవు?’ అని ప్రశ్నించుకోండి. ప్రేమ మొదలయ్యేది అక్కడే.

చివరగా ఒక చిన్న పని అప్పజెబుతాం. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చంద్రయాన్-3 ఎగిరింది అక్కడి నుంచే. ఒక పక్క వెదురు పుల్లతో కథ గీసే ఊరు, ఇంకో పక్క చంద్రుడి మీదికి యంత్రాన్ని పంపే దీవి. ఈ రెండూ ఒకే జిల్లాలో ఉన్నా, తెలుగులో సొంత సైన్స్ ఫిక్షన్ బొమ్మల నవలలు వేళ్ల మీద లెక్కపెట్టేంత అరుదు. ఆ లోటు తీర్చేది మీరే ఎందుకు కాకూడదు?

ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకుని ఆరు గడులు గీయండి. హాస్టల్ మిద్దె మీద నిలబడి రాకెట్ కోసం చూస్తున్న ఒక నిరుద్యోగిని మొదటి గడిలో పెట్టండి. మిగతా ఐదు గడుల్లో ఏం జరగాలో మీ ఇష్టం. బొమ్మ వంకరగా వచ్చినా ఫర్వాలేదు. ఈసారి అమ్మ వచ్చినప్పుడు మాత్రం ఆ కాగితాన్ని దిండు కింద దాచకండి, చేతికివ్వండి.