రాసేవాడు రైలును ఆపకూడదు

పెనుకొండ అనగానే ఇప్పుడు అందరికీ కియా కార్లే గుర్తొస్తాయి. హిందూపురం, ధర్మవరం వైపు వాళ్లకు 2012 మే 22 కూడా గుర్తుంటుంది. ఆ తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్స్‌ను హంపీ ఎక్స్‌ప్రెస్ గుద్దింది. 20 మందికి పైగా చనిపోయారు.

ఏ ప్రమాదం తర్వాతైనా మొదటి ప్రశ్న ఒకటే: ఏ క్షణంలో ఏం జరిగింది? అందుకే రైల్వే వాళ్లు రిలే గదుల్లో డేటా లాగర్ పెడతారు. ఏ రిలే ఎప్పుడు మారిందో అది టైముతో సహా రాసుకుంటుంది. దాని వైరును రిలేలో ఖాళీగా ఉన్న కాంటాక్ట్‌కే కలుపుతారు. లాగర్ చెడిపోయినా సిగ్నళ్ల పని ఆగదు.

కెర్నల్ కోడ్‌లోనూ మనం ఇదే నియమం పాటించాలంటాను. మనమేమో అనుమానం వచ్చిన ప్రతిచోటా ఒక ప్రింట్‌కె పడేస్తాం. 115200 బాడ్ సీరియల్ కన్సోల్ మీద 80 అక్షరాల లైను వెళ్లడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌కు అదొక యుగం. పాత లినక్స్‌లో ఇంకో చిక్కు కూడా ఉండేది. లాగ్ లాక్ పట్టుకున్న సీపీయూ మీదికే ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్ వచ్చి, అదీ ప్రింట్‌కెను పిలిస్తే ఇక డెడ్‌లాకే. 2020లో వచ్చిన 5.10 వెర్షన్‌లో లాక్ లేని రింగ్ బఫర్ పెట్టారు.

"లాగ్ పోతే బగ్ ఎలా దొరుకుతుంది?" అంటారు. నిజమే. కానీ ఎఫ్‌ట్రేస్‌లాగా మెమరీలోని బఫర్‌లో రాసి, నిండితే పాతవి వదిలేసి, ఎన్ని పోయాయో లెక్క ఉంచుకుంటే చాలు. నాలుగు లైన్లు పోతే మనకు ఒక రాత్రి నిద్ర పోతుంది. సిస్టమ్ ఆగితే దాన్ని నమ్ముకున్నవాళ్ల సంగతేంటి?

ల్యాబ్ వైవాలో "ఏం ప్రింటయింది?" అని అడిగే ముందు, "ఈ లైను ఎవర్నైనా ఆపుతుందా?" అని అడిగితే బాగుంటుంది.