ఊరూ పేరూ లేని బైట్లు

మొన్నామధ్య ఓ కుర్రాడు రాసిన స్క్రిప్టు నా దగ్గరికి రివ్యూకి వచ్చింది. విండోసు మిషను మెమరీ డంపుని, అంటే ఆ క్షణాన ర్యాములో ఉన్న బైట్లన్నిటినీ ఉన్నదున్నట్టు కాపీ చేసిన ఫైలుని తెరిచి, అప్పుడు ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో జాబితా తీసే పైథాన్ స్క్రిప్టు. పట్టుమని నలభై లైన్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మధ్యలో ఒకచోట 392 అని ఉంది. ఏ పేరూ లేదు, పక్కన కామెంటూ లేదు.

"ఈ 392 ఏంటి నాయనా?" అని అడిగా.

"ఆఫ్‌సెట్ అన్నా. నెట్లో దొరికింది. పనిచేస్తోంది" అన్నాడు.

ఆ చివరి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కుర్రాడి మీద కాదు, వాడికలా నేర్పిన మనందరి మీద. పైథాన్లో మెమరీ చదవడమంటే నాలుగు ఆఫ్‌సెట్లు, ఓ స్ట్రక్ట్.అన్‌ప్యాక్, చివర్లో ఓ ప్రింటు అని మనమే అలవాటు చేశాం. అది చదవడం కాదు, జోస్యం చెప్పడం.

ఆ 392 సంగతి చూడండి. విండోసు తను నడిపే ప్రతి ప్రోగ్రాముకీ ఈప్రాసెస్ అనే స్ట్రక్చరు ఒకటి పెట్టుకుంటుంది. ఒక ఈప్రాసెస్ నించి తర్వాతి దానికి దారి చూపే లింకు 64 బిట్ల విండోస్ 7లో 392వ బైటు దగ్గర ఉంటుంది. 32 బిట్ల ఎక్స్‌పీలో అది 136 దగ్గర ఉండేది. 64 బిట్ల విండోస్ 10కి 2020లో వచ్చిన 2004 వెర్షన్లో 1096కి జరిగింది. సరే, ఆ డంపు మీద 392 వేసి చదివితే ఏమవుతుంది? స్క్రిప్టు పడిపోతే మన అదృష్టం. చాలాసార్లు పడిపోదు. ఏదో ఒక అంకె వస్తుంది. బైట్లకి నోరు లేదు కదా, "బాబూ, నేను లింకుని కాదు" అని చెప్పడానికి!

మన ఊరి లెక్కలో చెప్తా. ఒక కాగితమ్మీద "2.15" అని రాసుంది. పొలం విస్తీర్ణం. ఎంత? కోస్తాలో ఎవర్నైనా అడగండి, రెండెకరాల పదిహేను సెంట్లంటారు. తెలంగాణలో అడగండి, రెండెకరాల పదిహేను గుంటలంటారు. ఎకరానికి నూరు సెంట్లు, నలభై గుంటలు. అంటే అదే కాగితం, అవే అంకెలు, చదివే మనిషిని బట్టి ఇరవై రెండున్నర సెంట్లు తేడా. ఆ మాత్రం నేల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఊళ్ళు నేను చూశాను. ఇక సర్వే నంబరు 112 ఎక్కడుందని అడిగితే? ఏ ఊళ్ళో 112? ప్రతి ఊళ్ళోనూ ఓ 112 ఉంటుంది.

మెమరీ కూడా అచ్చం ఇంతే. ఒక విలువకి అర్థం రావాలంటే మూడు తెలియాలి. ఏ రకం, అంటే సెంట్లా గుంటలా. ఏ చిరునామా, అంటే సర్వే నంబరు. ఎవరి మెమరీ, అంటే ఏ ఊరు. మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఒకే వర్చువల్ అడ్రసు రెండు ప్రాసెస్‌లలో రెండు వేర్వేరు చోట్లకి పోవచ్చు, ఎందుకంటే ఎవరి పేజీ టేబుళ్ళు వాళ్ళవి. ఈ మూడింట్లో ఏది జారిపోయినా మిగిలేది ఊరూ పేరూ లేని అంకె. మన స్క్రిప్టులు మొదటి లైన్లోనే మూడింటినీ పారేసి, ఒట్టి పైథాన్ ఇంటీజరు చేతిలో పట్టుకుని ఊరేగుతాయి.

పోతే ఏమవుతుందంటారా? నేను చూసింది చెప్తా. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు అనవసరం) ఫైళ్ళు బయటికి పోయాయని గొడవైంది. ఒక మిషను డంపు తీశారు. అనుమానమున్న ప్రోగ్రాము ఎప్పుడు మొదలైందో తెలియాలి. విండోసు ఆ సమయాన్ని 8 బైట్ల పూర్ణాంకంగా దాస్తుంది: 1601 జనవరి 1 నించి ఎన్ని వంద నానోసెకన్లు గడిచాయో ఆ లెక్క, అదీ యూటీసీలో. మా టీము స్క్రిప్టు ఆ అంకెని తీసి సీఎస్వీ ఫైల్లో పడేసింది. ఇంకో టీములో ఒకాయన దాన్ని తేదీగా మార్చాడు, లెక్క సరిగ్గానే చేశాడు. మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలని వచ్చింది. అది మన టైమే అనుకున్నారు. ఆ సమయంలో ఆ మిషను ముందు కూర్చున్నది ఒక ట్రెయినీ కుర్రాడు. పదకొండు రోజులు వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టారు, లాప్‌టాప్ లాక్కున్నారు. అసలు సమయం రాత్రి 9 గంటల 10 నిమిషాలు. అప్పటికి వాడు ఆఫీసులోనే లేడు. నెట్వర్కు లాగులతో పొంతన కుదరక ఎవరో మళ్ళీ మొదట్నించీ చూస్తే బయటపడింది. ఐదున్నర గంటలు! ఆ స్క్రిప్టు రాసిన టీములో నేనూ ఉన్నాను. అందుకే ఈ కోపం.

"అది మనుషుల తప్పు, కోడుది కాదు" అని అప్పుడూ అన్నారు. కాదండీ. ఆ 8 బైట్లకి "నేను యూటీసీ సమయాన్ని" అనే గుర్తింపు ఉండి ఉంటే అది సీఎస్వీ దాకా పోయినా టైంజోనుతో సహా పోయేది. మేమే గుర్తింపు కార్డు పీకేసి పంపాం.

ఇక్కడొక మెలిక ఉంది, దాచను. సీ భాషలో ఆ ఫీల్డు రకం ఒట్టి 64 బిట్ల పూర్ణాంకమే, అది యూటీసీ అని కంపైలరు చెప్పదు. కాబట్టి రకమంటే రెండు సగాలు. ఏ ఫీల్డు ఎక్కడుంది, ఎన్ని బైట్లు అనేది మొదటి సగం, అది కంపైలరు నించి రావాలి. దాని అర్థమేమిటన్నది రెండో సగం, అది తెలిసిన మనిషి ఒక్కసారి, ఒక్కచోట, ఒక క్లాసులో రాసి పెట్టాలి. మనం చేసేది సరిగ్గా తల్లకిందులు. కంపైలరు చెప్పాల్సినవి చేత్తో రాస్తాం, మనిషి చెప్పాల్సినవి గాలికొదిలేస్తాం.

"స్ట్రక్ట్ మాడ్యూలు ఉందిగా, చాలదా?" అనే పెద్దలకి ఒక పరీక్ష. ఫార్మాటు స్ట్రింగులో చిన్న బీ, చిన్న ఐ రాసి సైజు అడగండి. మామూలు మిషను మీద 8 అంటుంది, మధ్యలో మూడు బైట్లు ప్యాడింగు. ముందు లిటిల్ ఎండియన్ గుర్తు పెట్టి అడగండి, 5 అంటుంది. ఇప్పుడు చిన్న ఎల్ రాయండి. గుర్తు లేకపోతే 64 బిట్ల లినక్సు మీద 8, విండోసు మీద 4. గుర్తు పెడితే ఎక్కడైనా 4. అంటే గుర్తు మర్చిపోతే మీ లాప్‌టాప్ ఏదన్నదాన్ని బట్టి సాక్ష్యం మారుతుంది! డంపు ఎవరిదో మిషనుది, కొలత మాత్రం మీ మిషనుది.

"అయితే సీటైప్స్" అంటారు ఇంకొందరు. 2006లో పైథాన్ 2.5తో పాటు వచ్చింది, మంచి సరుకే. కానీ అది పుట్టింది మన మిషను మీదున్న సీ లైబ్రరీలని పిలవడానికి. అందులో పాయింటరంటే పైథాన్ నడుస్తున్న మిషను పాయింటరు. 32 బిట్ల డంపుని 64 బిట్ల లాప్‌టాప్ మీద చదివితే 4 బైట్లుండాల్సిన పాయింటరు 8 బైట్లు మింగేస్తుంది, ఆ తర్వాతి ఫీల్డులన్నీ జరిగిపోతాయి. ఇంకా ఘోరం, డంపులోంచి తీసిన పాయింటరుని సీటైప్స్ పాయింటరు చేసి వెంట వెళ్ళమంటే, అది డంపులోకి పోదు. నేరుగా మీ పైథాన్ ప్రాసెస్ మెమరీలోకి పోతుంది. చాలాసార్లు అక్కడే కుప్పకూలుతుంది. పక్కూరి సర్వే నంబరు పట్టుకుని మన ఊళ్ళో గట్టు తవ్వినట్టు. పైగా అందులో మామూలు పూర్ణాంకం ఫీల్డు ముట్టుకుంటే చేతికొచ్చేది ఒట్టి ఇంటీజరే. ఎక్కణ్ణించి వచ్చిందో దానికి గుర్తుండదు.

మరి సరైన దారి లేదా అంటే, ఉంది, ఎప్పట్నించో ఉంది. 2007లో వచ్చిన వోలటిలిటీ అనే ఓపెన్ సోర్సు పనిముట్టు స్ట్రక్చర్ల లేఅవుట్లని కోడులోంచి వేరుచేసి డిక్షనరీల్లో పెట్టింది. 2021లో అధికారికంగా విడుదలైన వోలటిలిటీ 3 ఇంకా ముందుకెళ్ళింది. విండోసుకైతే మైక్రోసాఫ్టు ఇచ్చే పీడీబీ ఫైళ్ళ నించి, లినక్సుకైతే ఆ కెర్నెలు డీబగ్ సమాచారం నించి లేఅవుట్లు తయారుచేసి జేసన్‌గా వాడుతుంది. చేత్తో రాసే 392కి అక్కడ చోటు లేదు. లినక్సులో అయితే చేత్తో రాద్దామన్నా కుదరని రోజులు వచ్చాయి. 2017లో వచ్చిన 4.13 కెర్నెలు నించి, ఆ ఆప్షను పెట్టుకుంటే కొన్ని ముఖ్యమైన స్ట్రక్చర్ల ఫీల్డుల వరసని బిల్డు చేసేటప్పుడే కలిపేస్తుంది. హెడరు ఫైలు కంఠతా వచ్చినా లాభం లేదు.

వోలటిలిటీ 3లో నాకు నచ్చినవి ఇంకో రెండు. ఒకటి, డంపులోంచి తీసిన పూర్ణాంకం నిజంగా పైథాన్ పూర్ణాంకమే, కానీ తన రకం, చిరునామా, లేయరు అన్నీ పక్కన జేబులో వేసుకుని తిరుగుతుంది. రెండు, వస్తువు తయారైనప్పుడే ఒకసారి చదివేస్తుంది, మళ్ళీ మళ్ళీ చదవదు. వెనకటి వెర్షన్లో పూర్ణాంకంలా నటించే ప్రాక్సీలుండేవి. ఏ + బీ పనిచేయక బీ + ఏ పనిచేసే వింతలు కూడా ఉండేవి. చదవలేని చోట ఎర్రర్ ఇవ్వకుండా "ఏమీ లేని వస్తువు" ఒకటి చేతికిచ్చేది. కొత్త దాన్లో ఎక్సెప్షను వస్తుంది. అదీ మర్యాద. మన చేతిరాత స్క్రిప్టులేమో చదవలేని పేజీకి సున్నా వేసి ముందుకు పోతాయి. పొలంలో పంట లేదనడం వేరు, పొలం చూడలేదనడం వేరు. సున్నా వేస్తే రెండూ ఒకటే అయిపోతాయి.

అలాగని అదే వేదం అనను. ఆ జేబున్న పూర్ణాంకానికి 1 కలపండి, వచ్చేది జేబులేని మామూలు ఇంటీజరు. 32 బిట్ల అన్‌సైన్డ్ లెక్కలో 4294967295కి 1 కలిపితే సీ భాష 0 అంటుంది, పైథాన్ 4294967296 అంటుంది. ఫేస్‌బుక్ ఇంజినీర్లు లినక్సు కెర్నెలు కోసం రాసిన డీఆర్‌జీఎన్ (డ్రాగన్ అని పలకాలి) ఇక్కడ ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. కూడికలు కూడా సీ నియమాల ప్రకారమే చేసి, ఫలితానికీ రకం తగిలిస్తుంది. అది నడుస్తున్న కెర్నెలుని కూడా చూస్తుంది కాబట్టి అవసరమైనప్పుడే చదువుతుంది, ఈ క్షణపు విలువ పట్టి ఉంచమంటే ఉంచుతుంది. డంపుకి ఒక పద్ధతి, బతికున్న మిషనుకి ఒక పద్ధతి, రెండూ సబబే. ఏ పద్ధతిలో చదివామో వస్తువుకి తెలిసి ఉండటం ముఖ్యం.

ఇక మిగిలింది స్పీడు. "ఇన్ని వస్తువులు తయారుచేస్తే పైథాన్ పాకుతుంది" అంటారు. పాకుతుంది, ఒప్పుకుంటా. పదహారు గిగాబైట్ల డంపులో ఓ గుర్తు కోసం వెతకాలంటే ఒట్టి బైట్ల మీదే వెతకండి, నేనూ అదే చేస్తా. కానీ దొరికిన ప్రతిదాన్నీ ఇంకొకరి చేతిలో పెట్టే ముందు రకం, చిరునామా, ఊరు తగిలించండి. లక్ష బైట్లు వడగడితే మిగిలేది పది. ఆ పదింటికి పేరు పెట్టడానికి టైము లేదంటే నేను నమ్మను. మా కంపెనీలో ఆ స్క్రిప్టు రెండు నిమిషాల్లో అయిపోయింది. వాడు ఇంట్లో కూర్చున్నది పదకొండు రోజులు.

కాబట్టి ఇప్పుడు నా దగ్గరికి ఏ స్క్రిప్టు రివ్యూకి వచ్చినా నాలుగే ప్రశ్నలు. ఇది ఏ రకం? ఏ చిరునామా? ఎవరి మెమరీ? ఈ లేఅవుటు నీకెవరు చెప్పారు? నాలుగో దానికి "నెట్లో దొరికింది" అని జవాబొస్తే కోడు వెనక్కి పోతుంది. 392 కుర్రాడు మొదట మొహం మాడ్చుకున్నాడు. వారం తర్వాత పీడీబీ నించి లేఅవుటు తెచ్చుకునేలా మార్చుకుని వచ్చాడు. ఇరవై లైన్లు పెరిగాయి.

ఆ ట్రెయినీ మళ్ళీ ఆఫీసుకొచ్చిన రోజు మా టీము దగ్గరికొచ్చి ఒక్కటే అడిగాడు. "అన్నా, ఆ 3:40 ఎవరి టైమని ఎవరూ అడగలేదా?" మాలో ఒక్కడి దగ్గరా జవాబు లేదు. అడగాలంటే ఆ అంకె పక్కన అడగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మేం ఏమీ ఉంచలేదు.

కాదంటారా? సంతోషం. మీ స్క్రిప్టు తీసుకుని రండి, 32 బిట్ల డంపు ఒకటి నా దగ్గరుంది.