గచ్చిబౌలి స్టేడియం

గచ్చిబౌలి స్టేడియం హైదరాబాదుకు పశ్చిమాన, రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో ఉన్న క్రీడా ప్రాంగణం. దీని పూర్తి పేరు జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. సుమారు 30,000 మంది కూర్చొని చూడగల ఈ స్టేడియం, సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి అందుబాటులో ఉన్న పెద్ద క్రీడా వేదిక. పటాన్‌చెరు నుండి రామచంద్రాపురం, లింగంపల్లిల మీదుగా 15-20 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరుకోవచ్చు.

చరిత్ర

2002 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన 32వ జాతీయ క్రీడల కొరకు దీనిని నిర్మించారు. అదే సంవత్సరం మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు గంటి మోహనచంద్ర బాలయోగి పేరు దీనికి పెట్టారు. 2003లో హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో అథ్లెటిక్స్ పోటీలు ఇక్కడే జరిగాయి.

ఫుట్‌బాల్

2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశించిన హైదరాబాద్ ఎఫ్.సి. దీనిని సొంత మైదానంగా ఎంచుకొన్నది. తొలి సీజనులో జట్టు పట్టికలో చివరి స్థానంలో నిలిచింది. తరువాతి రెండు సీజన్లు కోవిడ్ కారణంగా పూర్తిగా గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు విజేత అయినది. అంటే సొంత మైదానంలో ఒక్క ఆట కూడా ఆడని సీజనులోనే ఆ జట్టు టైటిల్ గెలుచుకొన్నది. 2025 అక్టోబరులో ఈ జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొన్నది.

2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ (విజేత సిరియా), నవంబరు 18న భారత్-మలేషియా మ్యాచ్ (1-1), డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఇక్కడ జరిగాయి. ఆ ఫైనల్‌లో పశ్చిమ బెంగాల్ 1-0తో కేరళపై గెలిచింది.

ఇతర ఉపయోగాలు

2020లో కోవిడ్ వ్యాపించినపుడు, ప్రాంగణంలోని క్రీడా గ్రామపు బహుళ అంతస్తుల భవనాన్ని 1,500 పడకల ఆసుపత్రిగా మార్చారు. క్రీడాకారుల వసతికి కట్టిన భవనం ఆ విధంగా రోగులకు ఉపయోగపడింది.

భూముల వివాదం

2003లో నాటి ప్రభుత్వం క్రీడా శిక్షణ సదుపాయాల కొరకు ఐ.ఎం.జి. అకాడమీస్ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకొని 850 ఎకరాలు కేటాయించింది. అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలోనివి. 2006లో తరువాతి ప్రభుత్వం దీనిని రద్దు చేసింది. 2024 మార్చిలో హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు సంస్థ వాదనను తిరస్కరించాయి. అనంతరం ఆ భూమిని ఐ.టి. అభివృద్ధికి వినియోగించే ప్రయత్నాన్ని హైదరాబాదు విశ్వవిద్యాలయ విద్యార్థులు వ్యతిరేకించారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపివేసింది. క్రీడల పేరిట కేటాయించిన భూమి, రెండు దశాబ్దాల తరువాత ఐ.టి.కా, అడవికా అన్న చర్చకు కేంద్రమైనది. ఈ చర్చలో క్రీడల ప్రస్తావన దాదాపు లేదు.

విశ్లేషణ

పెద్ద పోటీల కొరకు కట్టిన స్టేడియములన్నిటికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: పోటీలు ముగిసిన తరువాత వాటిని ఎవరు వాడుకోవాలి? సొంత జట్టు ఉంటే మైదానం ఏటా కొన్ని రోజులు నిండుతుంది. కాని ప్రైవేటు జట్టు ఆర్థిక లాభనష్టాలను బట్టి ఊరు మారగలదు, స్టేడియం మారలేదు. దాని నిర్వహణ ఖర్చు ప్రభుత్వానిదే.

పారిశ్రామిక ప్రాంతానికి ఈ ప్రశ్న మరింత ముఖ్యం. రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు ఉద్యోగులకు కాలనీలతో పాటు ఆటస్థలాలు కూడా ఏర్పరచాయి. చిన్న కర్మాగారాలలో పనిచేస్తూ అద్దె గదులలో నివసించే కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు అటువంటి సదుపాయం లేదు. వారికి కావలసినది అంతర్జాతీయ పోటీ కాదు. నడచి వెళ్ళగల దూరంలో ఒక మైదానం, ఒక శిక్షకుడు. గచ్చిబౌలి వంటి పెద్ద ప్రాంగణం ఆ లోటును ఒంటరిగా తీర్చలేదు. దాని శిక్షకులు, పరికరాలు చుట్టుపక్కల బస్తీల పాఠశాల మైదానాలకు చేరినపుడే ప్రజాధనంతో కట్టిన స్టేడియం ప్రయోజనం పూర్తిగా నెరవేరుతుంది.