పెళ్లికి ముందు ఫేషియల్: నెల రోజుల ముందే ఆలోచించండి

రమజాన్ ముగిసి షవ్వాల్ మొదలైతే చాలు, మన ఇళ్లలో నికాహ్ తేదీలు ఒకదాని వెంట ఒకటి ఖరారవుతాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఏ ఊరు చూసినా పెళ్లి సామాను కొనుగోళ్లతో పాటు బ్యూటీపార్లర్ ప్రయాణం కూడా ఇప్పుడు ఏర్పాట్లలో ఒక భాగమైపోయింది. దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. శుభ్రంగా, చక్కగా కనిపించాలనుకోవడం సహజమే. కాని పార్లర్‌కు ఎప్పుడు వెళ్లాలి, వెళ్లే ముందు ఏమి మానాలి, వచ్చిన తరువాత ముఖాన్ని ఎలా కాపాడుకోవాలి అన్న విషయాలలో మన కుటుంబాలు చాలా అజాగ్రత్తగా ఉంటున్నాయి. ఈ నెల ఆ సంగతులే చెప్పదలచాము.

ముందుగా కాలం లెక్క. మన చర్మం పై పొర పాతదై రాలిపోయి, దాని స్థానంలో కొత్తది పైకి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. బ్లీచ్ అయినా, రసాయనాలతో చేసే పీల్ అయినా, గట్టిగా రుద్దే స్క్రబ్ అయినా ఆ పై పొరనే పలుచన చేస్తుంది. చర్మం తన పనిని తాను పూర్తిచేసుకునేందుకు వ్యవధి ఇవ్వకుండా పెళ్లికి రెండు రోజుల ముందు మొదటిసారి ఫేషియల్ చేయించుకుంటే ఎర్రదనం, వాపు, చిన్న చిన్న పొక్కులు సరిగ్గా నికాహ్ నాటికి బయటపడతాయి. మరొక సంగతి కూడా గమనించాలి. మన గోధుమ, చామనచాయ చర్మాలలో రంగునిచ్చే కణాలు చురుకైనవి. కాస్త మంట పుట్టినా, కాస్త కాలినా, ఆ చోట నల్లమచ్చ మిగులుతుంది. అది పోవడానికి నెలలు పట్టవచ్చు. తెల్లని చర్మం గలవారి కోసం తయారైన యంత్రాలను, ఆమ్లాల మోతాదులను మనకు యథాతథంగా వాడితే వచ్చే చిక్కు ఇదే.

అందుచేత మొదటిసారి ఫేషియల్ చేయించుకునేవారు కనీసం నెల రోజుల ముందే ఆ పని ముగించాలని మా సలహా. అప్పుడు ఏదైనా పడకపోయినా సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. చర్మానికి అలవాటైన సాదా ఫేషియల్‌ను పెళ్లికి వారం రోజుల ముందు మరొకసారి చేయించుకోవచ్చు. చివరి రెండు వారాలలో ముఖానికి కొత్త వస్తువు ఏదీ తగలనీయవద్దు. బంధువులు కానుకగా ఇచ్చినదైనా సరే, పక్కింటి పిల్లకు బాగా పనిచేసిందని విన్నదైనా సరే.

బ్లీచ్ విషయంలో పరీక్ష తప్పనిసరి. మోచేతి లోపలివైపునో, చెవి వెనుకనో కొద్దిగా రాసి, చెప్పిన సమయం తరువాత కడిగివేసి, రెండు రోజులు ఆగి చూడాలి. దురద గాని ఎర్రదనం గాని కనిపిస్తే అది ముఖానికి పనికిరాదు. జుట్టుకు వేసే రంగుకు కూడా ఇదే నియమం. మొటిమల కోసం రాత్రిపూట రెటినాయిడ్ లేపనం వాడుతున్నవారు పీల్ గాని, వ్యాక్సింగ్ గాని చేయించుకోవడానికి కొన్ని రోజుల ముందే దానిని ఆపవలసి ఉంటుంది. ఎన్ని రోజులన్నది డాక్టరును అడిగి తెలుసుకోండి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతున్నవారు ఆ సంగతిని పార్లర్‌లోనే కాదు, ముందుగా తమ డాక్టరుకు చెప్పాలి. తరచుగా పెదవుల వద్ద నీటిపొక్కులు వచ్చేవారు కూడా అంతే. పీల్ తరువాత అవి ముఖమంతా పాకవచ్చు. ముందే తెలిస్తే డాక్టరు దానికి మందు ఇవ్వగలరు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా సాదా క్లీనింగును మించి ఏదీ చేయించుకోరాదు.

పార్లర్‌లో గమనించవలసినవి రెండే. బ్లాక్‌హెడ్స్ తీసే సూది, కనుబొమ్మల దారం, తువాలు మీ కోసం కొత్తవిగా తెరిచారా? చేతులు కడుక్కున్నారా? అడగడానికి మొహమాటపడకండి. రక్తం చిందే పనికి తెలియనివారి వద్ద కూర్చుంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అమెరికాలో ఉంది. న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో, సొంత రక్తం తీసి సన్నని సూదులతో ముఖానికి ఎక్కించే చికిత్స జరిగేది. అక్కడికి వెళ్లినవారికి హెచ్ఐవి సోకినట్లు గుర్తించి 2018లో దానిని మూసివేశారు. కనీసం ముగ్గురు స్త్రీలకు ఆ చికిత్స వల్లనే సోకి ఉండవచ్చని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం 2024 ఏప్రిల్‌లో నివేదించింది. సూదులు, లేజరు, గట్టి పీల్ వంటివి పార్లర్ పని కాదు. అవి చర్మవైద్యుల చేతి మీదుగానే జరగాలి.

ఇక ఈ వ్యాసంలో మేము అన్నిటికంటె గట్టిగా చెప్పదలచిన విషయం. పార్లర్‌లో జరిగే పొరపాటు కంటె ఇంట్లో అలమారాలో దాగి ఉన్న ట్యూబు ఎక్కువ ప్రమాదకరం. నరసాపురం, పాలకొల్లు, కోనసీమ ప్రాంతాల నుండి కువైట్, దుబాయ్ తదితర గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. సెలవుకు వచ్చేటప్పుడు అక్కచెల్లెళ్లకు, వదినెలకు తెల్లబరిచే క్రీములు తెస్తుంటారు. ప్రేమతో తెచ్చినవే. కాని వాటిలో చాలావాటిపై ఏమి కలిపారో రాసి ఉండదు, లేదా మనకు చదవరాని భాషలో ఉంటుంది. ముఖం వారం రోజుల్లో తెల్లబడితే సంబరపడే బదులు అనుమానపడాలి. అంత త్వరగా తెల్లబరిచేవి సాధారణంగా రెండు: ఒకటి స్టెరాయిడ్, రెండవది పాదరసం.

స్టెరాయిడ్ కోసం గల్ఫ్ దాకా వెళ్లనక్కరలేదు. మన వీధి చివరి మందుల దుకాణంలోనే దొరుకుతుంది. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లు ట్యూబుపై చిన్న అక్షరాలతో ఉంటాయి. మొదట ముఖం నునుపుదేరి మెరుస్తుంది. కొన్ని నెలలకు చర్మం పలుచబడి ఎర్రని నరాలు కనిపిస్తాయి, మొటిమలు ముసురుతాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానితే మంట, ఎరుపు. కాబట్టి మళ్లీ అదే రాస్తారు. దీనికి మన దేశపు చర్మవైద్యులు ఒక ప్రత్యేక నామమే పెట్టవలసి వచ్చింది, ‘స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం’ అని. దేశంలోని పలు ఆసుపత్రుల నుండి ముఖ చర్మ సమస్యలు గల 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది, అంటే సుమారు 15 శాతం మంది, ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నట్లు తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. చీటీ అడగని దుకాణదారుడు ఇప్పటికీ ఉన్నాడు, అడగకుండా కొనే మనమూ ఉన్నాము. అటువంటి పలుచబడిన చర్మం మీద బ్లీచ్ గాని పీల్ గాని పడితే కాలిన గాయమే. పార్లర్ అమ్మాయికి ఈ సంగతి తెలియదు. మీరే చెప్పాలి. మానదలచినవారు ఒక్కసారిగా మానక డాక్టరు సలహాతో క్రమంగా తగ్గించాలి.

పాదరసం సంగతి మరింత లోతైనది. అది చర్మంలోనే ఆగదు, రక్తంలోకి చేరి మూత్రపిండాలను తాకుతుంది. కేరళలోని మలప్పురం జిల్లా, కొట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు ఒక రకమైన మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన రూపంలో ఆ వ్యాధి ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. మలప్పురం కూడా మనవలె గల్ఫ్‌తో ముడిపడిన ముస్లిం కుటుంబాల ప్రాంతమని పాఠకులకు వేరుగా గుర్తుచేయనక్కరలేదు. క్రీము రాసుకునే అమ్మాయికి ముఖం, కాళ్లు ఉబ్బి, మూత్రం నురగలు కడుతుంటే వెంటనే డాక్టరుకు చూపించి, ఆ క్రీము పేరు కూడా చెప్పండి.

ఈ తెల్లదనపు ఆరాటం ఎక్కడినుండి వచ్చిందో మనకు తెలుసు. పిల్లను చూడవచ్చిన పెద్దమ్మో, ఖాలాయో “పిల్ల బాగానే ఉంది కానీ కాస్త చామనచాయ” అని ఒక్క మాట అనేసి చాయ్ తాగి వెళ్లిపోతుంది. ఆ మాట అమ్మాయి చెవిలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. తెల్లవారికి నల్లవారిపై ఏ ఆధిక్యమూ లేదని అంతిమ హజ్ ప్రసంగంలో విన్న సముదాయంలోనే ఈ మాట అనగలుగుతున్నామంటే సిగ్గుపడవలసినది ఆ అమ్మాయి కాదు.

ఫేషియల్ ముగిసి ఇంటికి వచ్చిన తరువాత సంగతి చూద్దాం. మొదటి 24 గంటలు మేకప్, స్క్రబ్, ఆవిరి, మంజా నాటి నలుగు ఏవీ వద్దు. అత్తరును ముఖానికి, మెడకు రాయవద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. ఇది మన ఇళ్లలో పాతకాలపు చిట్కాగా చెలామణి అవుతున్నది గనుక ప్రత్యేకంగా చెబుతున్నాము. కోనసీమ కొబ్బరినూనె తలకు మంచిదే, మొటిమల ముఖానికి మాత్రం రంధ్రాలను మూసివేస్తుంది. వాసన లేని మాయిశ్చరైజరు, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీను, ఈ రెండే చాలు. పొట్టు లేస్తే గిల్లకండి. పెళ్లింట బిర్యానీ డేగు దగ్గర సెగ తగలడం, పొయ్యి ముందు గంటలకొద్దీ నిలబడడం కూడా కొత్త చర్మానికి, మంగుమచ్చలు ఉన్నవారికి మంచిది కాదు. ఆ నాలుగు రోజులు వంట బాధ్యత మరొకరికి అప్పగించండి.

మన పాఠకులకు ప్రత్యేకంగా ఎదురయ్యే ప్రశ్న వుజూ. సాదా ఫేషియల్ తరువాత నీరు తగిలితే హాని లేదు. పీల్ తరువాత మాత్రం గోరువెచ్చని నీటి బదులు చల్లని నీటితో, సబ్బు లేకుండా, రుద్దకుండా కడగాలి. ముఖం ఒక్కసారి కడిగితే ఫర్జ్ నెరవేరుతుంది. మూడుసార్లు కడగడం సున్నత్. కనుక మంట ఉన్న రోజులలో ఒక్కసారితో సరిపెట్టుకోవచ్చు. తువాలుతో తుడవక, మెత్తని నూలు గుడ్డతో అద్దండి. కొన్ని గంటలో, రోజులో నీరు తగలనీయరాదని డాక్టరు స్పష్టంగా చెబితే, తడి చేత్తో తుడవాలా, తయమ్ముమ్ చేయాలా అన్నది మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. అనారోగ్యంలో ఉన్నవారికి ధర్మం సౌకర్యం కల్పించింది. నీరు చర్మానికి చేరకుండా అడ్డుపడే మందపు మేకప్ పొరను వుజూకు ముందు తొలగించవలసి ఉంటుంది కనుక, ఈ రోజులలో పలుచని సన్‌స్క్రీనునే ఎంచుకోండి. జుహర్, అసర్ వుజూల తరువాత దానిని మళ్లీ రాసుకుంటే పగటి రక్షణ చాలావరకు సరిపోతుంది. బయటే ఎక్కువసేపు తిరిగేవారు రెండు గంటలకొకసారి రాయాలి.

నీటి సంగతి వచ్చింది గనుక డెల్టా వాసులకు ఒక మాట. వేసవిలో మరమ్మతుల కోసం గోదావరి కాలువలు కట్టేసే రోజులు, పెళ్లిళ్ల రోజులు దాదాపు ఒకటే. అప్పుడు తీరప్రాంత గ్రామాలలో వాడే బోరు నీరు చాలా చోట్ల ఉప్పగా ఉంటుంది. ఆ నీరు పలుచబడ్డ చర్మానికి తగిలితే చురుక్కుమంటుంది. ముఖం వరకు తాగే నీటినే ఒక బిందెలో పక్కన పెట్టుకోండి. నఖాబ్ ధరించేవారు ఈ వారం నల్లని సింథటిక్ గుడ్డకు బదులు మెత్తని నూలు గుడ్డ ఎంచుకుని, చెమటపట్టిన ప్రతిసారి మార్చుకోవాలి. పలుచని గుడ్డ ఎండను పూర్తిగా ఆపదు. సన్‌స్క్రీను నఖాబ్ కింద కూడా అవసరమే.

పెళ్లికొడుకులు కూడా ఇప్పుడు మంగలి షాపులో బ్లీచ్, ఫేషియల్ చేయించుకుంటున్నారు. గడ్డం అంచులు దిద్దే బ్లేడు కొత్తదేనా అని అడగండి. అందరి ముఖాలకూ రుద్దే ఒకే పటిక ముక్కను మీ ముఖానికి రానివ్వకండి. షేవింగ్ జరిగిన రోజే బ్లీచ్ వేయించుకోవద్దు.

మూడు రోజులు దాటినా మంట తగ్గకపోవడం, చీము, పొక్కులు, కళ్లచుట్టూ వాపు, జ్వరం ఉంటే పార్లర్‌కు తిరిగి వెళ్లి మరొక క్రీము రాయించుకోకండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు మీరు వాడిన ట్యూబులు, డబ్బాలు అన్నీ, గల్ఫ్ నుండి వచ్చినవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టరు మొదట చూడవలసినవి అవే.