పశువుల డాక్టర్: ఒక్క ఫోన్ కాల్‌పై రైతు బతుకు.. ఆ ఫోన్ ఎత్తే డాక్టర్లు సరిపడా ఉన్నారా?

అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగుతుంది. "సార్, బర్రె ఈనలేకపోతాంది.. దూడ అడ్డం తిరిగినట్టుంది.. జర జల్ది రండి!" పల్లెల్లో పనిచేసే పశువైద్యులకు ఇలాంటి కాల్స్ కొత్తేమీ కాదు. డాక్టర్ లేటైతే పోయేది ఒక్క బర్రె కాదు. ఆ ఇంటికి వచ్చే పాల బిల్లు, పిల్లల ఫీజు, కట్టాల్సిన లోన్.. అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

2019 పశుగణన ప్రకారం దేశంలో 53 కోట్లకు పైగా పశుసంపద ఉంది. గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే ఫస్ట్, ఆంధ్రప్రదేశ్ సెకండ్. 5 వేల పశు యూనిట్లకు ఒక వెటర్నరీ డాక్టర్ ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది.

1962 నంబర్‌కు ఫోన్ చేస్తే ఇంటి దగ్గరికే వచ్చే సంచార వాహనాలు తెలంగాణలో 2017లో, ఏపీలో 2022లో మొదలయ్యాయి. రైతుకు ఇది పెద్ద ఊరటే. అయితే కేంద్రం పథకంలో లెక్క లక్ష పశువులకు ఒక వాహనం. అందులో ఉండేది ఒక్క డాక్టరే! ఆస్పత్రుల్లో డాక్టర్లు లేకుండా బండ్లు మాత్రమే పెంచితే సరిపోదన్నది ఇక్కడే అర్థమవుతుంది.

రిస్క్ కూడా తక్కువేం కాదు

ఈసుకుపోయిన పశువును, పడని మాయను చేతులతో ముట్టుకోవాలి. జాగ్రత్త తప్పితే బ్రూసెల్లోసిస్ డాక్టర్‌కూ సోకుతుంది. పిచ్చికుక్క కరిచిన పశువు నోట్లో చెయ్యి పెడితే రేబిస్ భయం. ఇక తన్నులు, కొమ్ముపోట్లు మామూలే.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు కోళ్లను చంపి పూడ్చే పనిని దగ్గరుండి చూసిందీ పశుసంవర్ధక శాఖ సిబ్బందే. ప్రాణం నిలబెట్టడానికి ఐదున్నరేళ్లు చదివినవాళ్లకు అది మానసికంగా ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మరి ఈ ఉద్యోగంలో ఏముంది?

ఈనిన ఒకట్రెండు రోజులకే బాగా పాలిచ్చే ఆవు కూలబడిపోతుంది. మెడ పక్కకు వాల్చి పడుకుంటుంది, చెవులు చల్లబడతాయి. ఇదే పాల జ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒంట్లో వేడి ఉండదు. రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం. డాక్టర్ గుండె చప్పుడు వింటూ నరానికి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తారు. స్పీడ్ పెరిగితే గుండే ఆగిపోవచ్చు. అన్నీ సరిగ్గా జరిగితే చాలా కేసుల్లో కాసేపటికే ఆవు లేచి నిలబడుతుంది. నోరులేని ఆ జీవం థ్యాంక్స్ చెప్పదు. కానీ అప్పటిదాకా ఏడ్చిన ఇల్లాలు పరుగున వెళ్లి కుడితి తెస్తుంది. ఆ డాక్టర్‌కు దక్కే అసలు ఫీజు అదే.

డాక్టర్ వచ్చేలోపు..

దూడ అడ్డం తిరిగితే తాడు కట్టి నలుగురూ లాగొద్దు, గర్భసంచి చిరిగిపోతుంది. కూలబడిన పశువుకు నోట్లో మందు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రైతులు ఈ పొరపాట్లు చేసేది తెలియక కాదు, చాలాసార్లు డాక్టర్ అందక. ఖాళీ పోస్టుల గురించి మాట్లాడేటప్పుడు ప్రభుత్వాలు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ విషయమే.