పుర్రచేతివాటం పిల్లలకు మౌస్ శిక్ష ఇంకెన్నాళ్లు?

పలక మీద ఎడమచేత్తో అక్షరం దిద్దితే వేళ్ల మీద బెత్తం పడే రోజులు చాలావరకు పోయాయి. కానీ బడిలోని కంప్యూటర్ గదిలో ఆ పాత అలవాటు మరో రూపంలో మిగిలే ఉంది. అక్కడ మౌస్ కుడిపక్కనే ఉంటుంది. దాని ముఖ్యమైన బటన్ కుడిచేతి చూపుడువేలికి అందేలాగే ఉంటుంది. పుర్రచేతివాటం పిల్లలకు "చెయ్యి మార్చు" అన్నదే తొలి పాఠమవుతోంది. ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షలు కంప్యూటర్ మీదే జరుగుతున్న ఈ రోజుల్లో, మౌస్ మీద చెయ్యి తడబడితే ఆ నష్టం మార్కుల్లో తేలుతుంది.

నిజానికి ఇది యంత్రం తెచ్చిపెట్టిన ఇబ్బంది కాదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన మేరకు 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో తయారైన తొలి మౌస్ ఒక చెక్క డబ్బా. దానికి ఉన్నది ఒకే బటన్. కుడిఎడమల తగువు బటన్లు పెరిగాక వచ్చిందే. 1984లో ఎం.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ యూనిక్స్ తరహా కంప్యూటర్లలో విస్తరించింది. అది బటన్లకు ఎడమనుంచి 1, 2, 3 అని అంకెలు వేస్తుంది. ఆ వరుసను 3, 2, 1గా తిప్పితే కుడి, ఎడమ బటన్ల పనులు తారుమారవుతాయి.

నేటి లినక్స్‌లో దీనికి ఆదేశాలు టైపు చేసే పని కూడా లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే సెట్టింగ్స్‌లో మౌస్ అన్న చోట ప్రధాన బటన్‌గా కుడిదాన్ని ఎంచుకుంటే చాలు. బాణం గుర్తు వేగాన్నీ అక్కడే తగ్గించుకోవచ్చు. అరనిమిషం పని. కానీ ఖర్చు లేదు.

మరి చిక్కెక్కడ? చాలా ల్యాబుల్లో పిల్లలందరికీ కలిపి ఒకటే లాగిన్. ఒక అమ్మాయి మౌస్ మార్చుకుంటే, తర్వాతి పీరియడ్‌లో అక్కడ కూర్చున్న అబ్బాయి మౌస్ పాడైందని ఫిర్యాదు చేస్తాడు. దాంతో సెట్టింగ్స్ జోలికి ఎవరూ పోరాదని హుకుం జారీ అవుతుంది. ఒకే యంత్రాన్ని పలువురు వాడుకునేందుకే యూనిక్స్ పుట్టిందన్న సంగతి ఇక్కడ మరచిపోతున్నారు. ఎవరి ఖాతా వారికి ఉంటే ఎవరి అమరిక వారి ఫోల్డర్‌లోనే భద్రంగా ఉంటుంది. ఒకరిది మరొకరికి అడ్డురాదు. మన ప్రభుత్వ సంస్థ సి-డాక్ రూపొందించిన బాస్ కూడా లినక్సే. ఖాతాలు ఎన్ని తెరిచినా అదనంగా చెల్లించవలసింది లేదు.

వందల మందికి ఖాతాలు తెరవడం భారమంటే, ప్రతి కంప్యూటర్‌లో 'ఎడమ' అనే పేరుతో ఒక్క ఖాతా అదనంగా తెరిచినా సరిపోతుంది. కుడిచేతికే ఒదిగేలా వంపు తిరిగిన మౌస్‌లకు బదులు రెండువైపులా సమంగా ఉన్నవి కొనాలి. కీబోర్డుకు ఎడమవైపు చేరేంత పొడవు తీగ ఉందో లేదో చూసుకోవాలి.

పుర్రచేతివాటం ఉన్నా కుడిచేత్తోనే మౌస్ అలవాటు చేసుకున్నవారు లేకపోలేదు. అది వారి ఇష్టమైతే ఆక్షేపణ లేదు. అడగకుండా రుద్దడమే తప్పు. రానున్న విద్యా సంవత్సరం తొలి కంప్యూటర్ పాఠంలోనే "నీది ఏ చేతివాటం?" అని ప్రతి పిల్లవాడినీ అడిగేలా ప్రధానోపాధ్యాయులు, జిల్లా విద్యాశాఖాధికారులు శ్రద్ధ వహించాలి.