మెయిల్‌లో విడాకులొస్తే?

కోనసీమలో గల్ఫ్‌కో, అమెరికాకో ఎవరూ వెళ్లని వీధి అరుదు. ఒకరోజు అక్కడి కోర్టు ఇచ్చిన విడాకుల పీడీఎఫ్ మీ మెయిల్‌కి వస్తే? కంగారుపడకండి. తిరుపతిలో పెళ్లయిన ఓ భర్త మిస్సోరి కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఒప్పుకోని కోర్టు ఇచ్చిన తీర్పది.

అలాగని ఊరుకోవద్దు. సమ్మతి పత్రంపై సంతకం పెడితే లెక్క మారిపోతుంది. ముందు లాయర్‌కి చూపించండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి. భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలని 2020 తీర్పు. కాబట్టి అతను పంపిన డబ్బుల వివరాలు, జీతం స్లిప్పులు దాచుకోండి.

పరువు పోతుందని మీలో మీరే కుమిలిపోకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.